ముల్లు సగం దగ్గర

వెనక సీటు ఇంత తేలిగ్గా ఊడి వస్తుందని తెలిస్తే ఎప్పుడో ఊడదీసేదాన్ని. అంచు కింద చేతులు దూర్చి ఒక్క గుంజు గుంజితే పరుపులా లేచి వచ్చేసింది. దాని కింద ఇన్నేళ్లుగా మా ఇంట్లోవాళ్లు రాల్చుకున్నవన్నీ ఉన్నాయి, ఒక జడ పిన్ను, ఎండిపోయిన బఠాణీలు, ఎవరిదో చొక్కా గుండీ, అన్నయ్య కూతురు పాప రంగు పెన్సిలు ముక్క, అదీ ఆకుపచ్చది, పాపకి ఇష్టమైన రంగు కాబట్టి అది పోయిన రోజు ఇంట్లో ఎంత గోల జరిగి ఉంటుందో ఊహించగలను. ఇవన్నీ ఏరుకుంటూ, ఏది ఎవరిదో కనిపెడుతూ కూచోవాలని ప్రాణం పీకుతోంది కానీ నాకున్నది గంట. గంటలో అన్నయ్య వస్తాడు. వచ్చి నాన్న దగ్గర కారు తాళం తీసుకుంటాడు, ఒక పూటకి కాదు, ఇక ఎప్పటికీ. పోయిన వారం వంతెన మధ్యలో కారు ఆగిపోయింది. నడుపుతున్నది నాన్న, వెనక సీట్లో ఉన్నది పాప. ముందూ వెనకా లారీలు హారన్లు కొడుతుంటే పాప చెవులు మూసుకుని కూచుందట. చూస్తే పెట్రోలు చుక్క లేదు. అంతకు ముందు నెలలోనూ ఇదే కథ, కాకపోతే అప్పుడు ఇంటి పక్క సందులో ఆగింది కాబట్టి అందరం నవ్వుకున్నాం.

అన్నయ్య మాత్రం నవ్వడం మానేశాడు. ఇందాక ఫోనులో, "నాన్న మర్చిపోతున్నాడు. నీకు తెలుసు, ఒప్పుకోవు అంతే," అన్నాడు. నేను పెట్రోలు ఎంతుందో చూపించే గేజీ సంగతి ఎత్తాను. ట్యాంకు ఎండిపోయిన రోజు కూడా ముల్లు సగం దగ్గరే నిలబడి ఉందని, అన్నయ్య డబ్బాతో తెచ్చి పోశాక కూడా అక్కడే ఉందని, ఆ ముల్లుని చూసుకుని ఎవరు బండి నడిపినా వంతెన మీదే తేలతారని చెప్పాను. "అయితే ఏంటంటావు?" అన్నాడు. "తప్పు నాన్నదా గేజీదా అన్నది తేలాలంటాను," అన్నాను. "తేల్చుకో. నేను అక్కడికి వచ్చేసరికి గంట పడుతుంది," అని పెట్టేశాడు. మా అన్నయ్య చెడ్డవాడు కాదు. భయపడ్డవాడు. భయపడ్డవాళ్లతో వాదించి గెలవడం కష్టం, వాళ్ల ముందు ఏదైనా వస్తువు పెట్టాలి, ఇదిగో ఇది పాడైంది, దీనివల్లే అని చేతిలో పెట్టి చూపించాలి. ఆ వస్తువు ఇప్పుడు నా మోకాళ్ల ముందు, ఈ అరచేయంత రేకు మూత కింద ఉంది.

నాలుగు స్క్రూలు. మూడు మర్యాదగా తిరిగాయి, నాలుగోది మొండికేసింది. ఇలాంటి నాలుగోదాన్ని నేను రోజూ చూస్తాను. ఆసుపత్రిలో నా ఉద్యోగమే అది, బీపీ మిషన్లు, తూకం యంత్రాలు, జ్వరం చూసే కర్రలు, ఇవన్నీ నిజం చెబుతున్నాయా లేదా అని సరిచూడటం. నర్సమ్మలు పరిగెత్తుకుని వస్తారు, అయ్యో ఈ పేషెంటు బీపీ ఇంతుంది అంతుంది అని. నేను వెళ్లి ముందు గాలి గొట్టం చూస్తాను, ఎక్కడో సన్నటి చిల్లు, మనిషి నిక్షేపంగా ఉంటాడు. నాకు పని నేర్పిన పెద్దాయన ఒకే మాట చెప్పేవాడు, మనిషిని అనుమానించే ముందు యంత్రాన్ని అనుమానించు అని. నేను దాన్ని ఎంత ఒంటబట్టించుకున్నానంటే మా ఇంటి గోడ గడియారానికి కూడా నేనంటే హడలు. ఇంతకీ ఈ కారులో ఉన్న గేజీ గురించి ఇన్నేళ్లలో నేనొక్కసారి కూడా ఆలోచించలేదు, అదే వింత. ముందు అద్దం కింద ఒక ముల్లు ఉంటుంది, అది చెబుతుంది, మనం నమ్ముతాం. అది ఎవర్ని అడిగి చెబుతోందో, చీకట్లో ఎక్కడో మన వెనక, మనం కూచున్న సీటు కిందే, ఎవరు దానికి కబురు పంపుతున్నారో అడగం. నాలుగో స్క్రూ కీచుమని తిరిగింది. మూత కింద దుమ్ము, దుమ్ములో ఒక ప్లగ్గు, రెండు వైర్లు. ఓహో, కబురు పంపేది నువ్వేనా.

మూత తీయగానే పెట్రోలు వాసన సన్నగా వచ్చింది. తలుపులు నాలుగూ బార్లా తీశాను. నాన్న గది కిటికీ ఇక్కడికి కనబడుతుంది. మంచం మీద పడుకుని ముఖాన పేపరు కప్పుకున్నాడు. నిద్రపోతే ఆ పేపరు లేచి పడుతుంది, మా చిన్నప్పుడు అన్నయ్యా నేనూ దాని మీద మడతపెట్టిన కాగితం పడవలు పెట్టి ఎవరిది ముందు జారుతుందో పందెం వేసేవాళ్లం. ఇప్పుడు పేపరు కదలడం లేదు. అంటే మెలకువగానే ఉన్నాడు, నా చప్పుళ్లన్నీ వింటున్నాడు. వంతెన రోజు నుంచి కారు దగ్గరికి రాలేదు. అడిగితే "ఆగింది" అంటాడు, అంతే. కారు ఆగినందుకు కాదు ఆ బాధ. సాయంత్రాలు పోయాయి. బడి నుంచి పాపని తీసుకుని ఈత క్లాసుకి, అక్కడి నుంచి ఇంటికి, ఆ దారంతా పాప తడి జుట్టుతో వెనక సీట్లో కూచుని తాతకి లోకంలో ఉన్న కోతలన్నీ కోస్తుంది, ఈయన అద్దంలో చూస్తూ "నిజంగానా" అంటుంటాడు. ఇంటికొచ్చి ఆ కోతలన్నీ మాకు మళ్లీ చెబుతాడు, పాప గొంతుతో సహా. తాళం అన్నయ్య జేబులోకి పోతే పోయేది అది.

ఒక్కదాన్ని ఈ పరీక్ష చేయలేను. వైరు వెనక, ముల్లు ముందు. అమ్మని కేకేస్తే చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, నడిపే సీట్లో కూచోమంటే, ఎవరైనా చూస్తున్నారేమోనని సందు అటూ ఇటూ చూసి కూచుంది. ఈ కారు కొన్న నాటి నుంచి అమ్మ ఆ సీట్లో కూచోవడం ఇదే మొదలు. స్టీరింగు పట్టుకుని కాస్త నిటారుగా సర్దుకుంది.

"ఏం చెయ్యాలే నేను?"

"తాళం సగం తిప్పి ముల్లు చూడు. కదిలితే చెప్పు."

"ఇక్కడ రెండు ముళ్లున్నాయి."

"పెట్రోలు బంకు బొమ్మ ఉందే, అది."

"ఆఁ. సగం దగ్గరుంది."

నేను ప్లగ్గు పీకేశాను. "పడిపోయింది!" అని అరిచింది అమ్మ. "అయ్యో, ఏం చేశావే?" ఏమీ చెయ్యలేదని, అది పడాల్సిందేనని చెప్పి, ఒక చిన్న వైరు ముక్కతో ప్లగ్గులోని రెండు కొసల్నీ కలిపాను. కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత అమ్మ గొంతు మెల్లగా, "లేస్తోంది... లేస్తోంది... ఒసే, నిండిపోయింది! పెట్రోలు పోయకుండానే నిండిపోయింది. ఇదేదో బాగుందే, ఇలాగే ఉంచెయ్." నవ్వు ఆపుకోలేక తల సీటు అంచుకి కొట్టుకున్నాను. కానీ లోపల గుండె ఎగిరింది. ముల్లు బాగానే ఉంది. వైరూ బాగానే ఉంది. ఖాళీ అంటే ఖాళీ చూపిస్తోంది, నిండింది అంటే నిండినట్టు చూపిస్తోంది, పాపం ఏది చెబితే అది నమ్మే రకం. అబద్ధం చెబుతున్నది ఇంకా కిందనున్నవాడు, ట్యాంకు లోపల పెట్రోల్లో కాళ్లు ముంచుకుని కూచున్నవాడు.

బ్యాటరీ వైరు తీసేశాను. లోపలి పరికరాన్ని ఒక ఇనుప వలయం పట్టి ఉంచింది. దాన్ని తట్టి తిప్పాలి, ఇనుముతో తడితే నిప్పురవ్వ లేస్తుంది, కాబట్టి వంటింట్లోంచి కర్ర గరిటె తెచ్చాను. "నా గరిటె!" అంది అమ్మ. కొత్తది కొనిస్తానన్నాను. గరిటె పిడితో ఒక పక్క నుంచి టకటకమని తడుతుంటే వలయం వెంట్రుకవాసి చొప్పున జరుగుతోంది, ఆ లయలో బుర్ర ఎటో పోయింది. ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి మనుషులు ఎన్ని తంటాలు పడతారు. అమ్మ గ్యాసు బండని పక్కకి ఒరిగించి బరువు చూస్తుంది, ఉప్పు డబ్బాని చెవి దగ్గర ఆడిస్తుంది, టూత్‌పేస్టుని వెలుతురుకి పట్టి చూస్తుంది. అన్నయ్య ఫోను బ్యాటరీ సగానికి రాగానే గోడలు తడుముకుంటూ ప్లగ్గు కోసం తిరుగుతాడు. మా వార్డులో ఒక ముసలాయన, సెలైను సీసాలో మట్టం ఎక్కడికి దిగిందో గోడ మీద గోటితో గీతలు పెట్టుకునేవాడు. లోపల ఉన్నది కనబడనప్పుడు బయట ఏదో ఒక గుర్తు కావాలి, ఆ గుర్తుకీ లోపలికీ మధ్య ఒక సన్నటి లంకె, ఆ లంకె ఎక్కడో పట్టేస్తే గుర్తు గుర్తుగానే ఉంటుంది, లోపల మాత్రం ఏమీ ఉండదు. మనిషి జ్ఞాపకానికి ఇలాంటి ముల్లు ఉంటే ఎక్కడ బిగిస్తారు? నుదుటి మీదా? అందరూ ఎదుటివాళ్ల నుదుళ్లు చూసి మాట్లాడతారు అప్పుడు. ఛీ, ఏం ఆలోచనలివి. వలయం ఊడి చేతిలోకి వచ్చింది.

పరికరాన్ని వంచి, మెలితిప్పి, బయటికి లాగాను. సన్నటి తీగ చెయ్యి, దాని కొసన పెట్రోలు మీద తేలే నల్లటి బుడ్డి, మెకానిక్కులు ఫ్లోటు అంటారు. పెట్రోలు తగ్గితే బుడ్డి దిగుతుంది, చెయ్యి దిగుతుంది, ముల్లు దిగుతుంది. ఇంతే సంగతి. నేను దాన్ని గాల్లో పట్టుకున్నాను. బుడ్డి కిందికి వేలాడాలి కదా, వేలాడలేదు. సరిగ్గా సగం ఎత్తులో, పిలవని పేరంటానికి వచ్చి బిగదీసుకుని నిలబడ్డవాళ్లలా అలాగే ఉండిపోయింది. వేలితో నొక్కాను. బంకగా, అయిష్టంగా జరిగి, వేలు తీయగానే ఆగింది. కీలు దగ్గర ముదురు రంగు జిగురు. ఏమిటిదని గోటితో గీకి వాసన చూసేసరికి అర్థమైంది, పాత పెట్రోలు ఆరి గట్టిపడితే ఇలాగే అవుతుంది. నాన్నకి కంటి ఆపరేషను అయినప్పుడు కారుని నెలల తరబడి కదపలేదు. అదీ కథ! దొంగ దొరికాడు! పైకి లేస్తాడు, దిగమంటే సగంలో కూచుంటాడు. నేను ఆ జిడ్డు చేతులతోనే గాల్లోకి ఒక గుద్దు గుద్దాను. మా నాన్న బుర్రకి ఏమీ కాలేదు. ముల్లు సగం అని చెప్పింది, పెద్దమనిషి నమ్మాడు, మోసపోయాడు. అన్నయ్య రానీ, దీన్ని వాడి అరచేతిలో పెట్టి నొక్కి చూడమంటాను.

స్పిరిటులో ముంచిన గుడ్డతో కీలు తుడుస్తుంటే జిగురు పొరలు పొరలుగా వదిలింది. బుడ్డి మెల్లగా తల వంచడం మొదలుపెట్టింది. ఇంకాస్త తుడిస్తే దానంతట అదే జారి కిందికి వేలాడింది, ఎత్తి వదిలితే మళ్లీ జారింది. నా పని సంచిలోని మీటరు వైర్లు తగిలించి చెయ్యిని పై నుంచి కిందికి దింపుతుంటే అంకెలు ఎక్కడా తడబడకుండా వరసగా మారుతున్నాయి, నాకు అంతకన్నా అందమైన దృశ్యం లోకంలో తక్కువ. అమ్మ సీట్లోంచి వెనక్కి తిరిగి చూస్తోంది. అంతా చెప్పాను, ముల్లు నాన్నని మోసం చేసిందని.

"కానీ మీ నాన్న ఈ ముల్లు చూడరు కదే."

"చూడకపోవడమేంటి?"

"ఎప్పుడు చూశారు? ఆ సున్నా చేసే బటను ఉంది చూడు, పెట్రోలు పోయించగానే అది నొక్కుతారు. తర్వాత కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఆ అంకెలు చూసి, పెట్రోలు ఎంతుందో లెక్కేసుకుంటారు. నీకు తెలీదా?"

నాకు తెలియని సంగతి కాదు. స్పీడు మీటరు కింద తిరిగే చిన్న అంకెల చక్రాలు, వాటి పక్కన వేలికొన అంత బటను. నాన్న లారీలు నడిపిన రోజుల్లో ఏ లారీలోనూ గేజీ పనిచేసేది కాదట, ట్యాంకులో కర్ర ముంచి చూసుకునేవాళ్లట. అందుకని ముల్లు అంటేనే ఆయనకి చిన్నచూపు, అది చెప్పేది వినేవాడు డ్రైవరే కాదంటాడు. ఈ మాట వెయ్యిసార్లు విన్నాను. విని కూడా, ఇందాకట్నుంచీ, యంత్రం నిజం చెబుతోందా లేదా అని తలకిందులవుతున్నానే తప్ప, అసలు ఆ యంత్రాన్ని చదివేవాడు ఉన్నాడా అని ఒక్కసారి అనుకోలేదు. ఇది నాలాంటి ఉద్యోగం చేసేవాళ్లే చేయగల తప్పు. మామూలు మనిషైతే ముందు అదే అడుగుతాడు. చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. మరైతే వంతెన మీద ఆయన్ని మోసం చేసింది ఎవరు?

అమ్మే చెప్పింది, ఆ రోజు నాన్న అంకెలు చూపించి, పోయించిన పెట్రోలుకి తిరగాల్సిన దూరంలో ఇంకా సగం కూడా తిరగలేదు, ఎలా అయిపోతుందని అన్నయ్య మీద అరిచాడని. సగం కూడా తిరగలేదా? కారు కిందికి దూరి చూశాను. ట్యాంకు పొడిగా ఉంది, గొట్టాలు పొడిగా ఉన్నాయి, నేల మీద మరక లేదు. కారలేదు. ఎవరైనా దొంగిలించారా అంటే మూతకి తాళం ఉంది. అంకెల చక్రాలు పట్టేశాయా? అదైనా అయితే బాగుండు! ఈ చివరి ఆశతో అమ్మని దింపేసి, హ్యాండు బ్రేకు తీసి, కారుని వాకిట్లో మెల్లగా ముందుకి తోశాను. చివరి అంకె చక్రం బుద్ధిగా జరిగింది. వెనక్కి తోసుకొచ్చి పెట్టాను. యంత్రాలన్నీ నిర్దోషులు. అప్పుడు భయం వేసింది. కానీ సిగ్గులేని నా బుర్ర ఆ భయం పక్కనే కూచుని ఇంకా అడుగుతూనే ఉంది, మరి ఎలా జరిగింది, ఎలా జరిగి ఉంటుంది అని.

పరికరాన్ని మళ్లీ దింపాను. వలయం బిగించాను, ప్లగ్గు పెట్టాను, బ్యాటరీ తగిలించాను. ముల్లు సగం మీది నుంచి కిందికి దిగి, ట్యాంకులో నిజంగా ఎంత ఉందో అక్కడ నిలబడింది. బాగైంది. నాకు సంతోషం మాత్రం రాలేదు. అన్నయ్యకి ఏం చెప్పాలి? గేజీ పాడైందని చెప్పొచ్చు, అది అబద్ధం కాదు. పాడైన గేజీని చూపించొచ్చు, తుడిచిన గుడ్డ మీద జిగురు సాక్ష్యం ఉంది. అన్నయ్య నమ్ముతాడు, వాడికీ నమ్మాలనే ఉంది. సాయంత్రాలు తిరిగొస్తాయి. ఇంకో నెలకి ఇంకో వంతెన. పాప చెవులు మూసుకుంటుంది. రోజంతా దొంగ యంత్రాల్ని పట్టుకునే నేను ఇప్పుడు ఒక మంచి యంత్రాన్ని దొంగని చేయబోతున్నాను. చేస్తాననే అనిపించింది. సీటు పరుపు సర్ది మోకాలితో నొక్కుతుంటే గేటు చప్పుడైంది.

అన్నయ్య మొహం వాదనకి సిద్ధపడి వచ్చిన మొహం. వాడు నోరు తెరిచేలోపే గుడ్డ చూపించి గడగడా చెప్పేశాను, కీలు, జిగురు, సగంలో ఆగిపోయిన బుడ్డి. చెబుతుంటే వాడి భుజాలు కిందికి దిగడం చూశాను. "అయితే నిజంగా గేజీయేనా?" అన్నాడు, చిన్నప్పుడు దెబ్బ తప్పినప్పుడు అడిగిన గొంతుతో. "గేజీ పాడైంది," అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు. అప్పుడు చూశాను, నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతిలో మడతపెట్టిన పేపరుతో.

"గేజీ పోయిన మాట నిజమేరా," అన్నాడు. "కానీ నేను దాన్నెప్పుడు చూశాను?"

నాన్న మెట్లు దిగి వచ్చి బానెట్టు మీద చెయ్యి వేశాడు.

"పెట్రోలు పోయించగానే సున్నా నొక్కుతాను. ఈ మధ్య నొక్కానో లేదో గుర్తుండట్లేదు. దార్లో అనుమానం వస్తుంది. ఎందుకైనా మంచిదని మళ్లీ నొక్కుతున్నాను. రెండు రోజులకి మళ్లీ అదే అనుమానం. ఎన్నిసార్లు నొక్కానో నాకే తెలీదు."

ఆహా, అనుకున్నాను, దేవుడా క్షమించు, నా మొదటి ఆలోచన ఆహా అనే. తన మీద తనకి నమ్మకం పోయిన ప్రతిసారీ, జాగ్రత్త కోసం, ఉన్న ఒక్క లెక్కనీ తనే తుడిచేసుకున్నాడు. వారమంతా పేపరు కింద ఈ సంగతి పట్టుకుని పడుకున్నాడు. ఆ తర్వాత ఏడుపొచ్చింది, గుడ్డతో మొహం తుడుచుకోబోయి స్పిరిటు వాసనకి ఆగాను. అన్నయ్య "నాన్నా" అంటూ దగ్గరికి వెళ్లాడు. వాడు దారంతా కూడగట్టుకుని వచ్చిన మాటల్లో ఒక్కటీ పనికొచ్చేలా లేదు.

"ముల్లు బాగైందిగా," అన్నాడు నాన్న నా వైపు చూసి. "ఇక నుంచి దాన్నే చూస్తాను. గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదుగా దానికి." తర్వాత అన్నయ్యతో, చాలా మామూలుగా, కూరగాయలు తెమ్మన్నంత మామూలుగా అన్నాడు, "పాపని మాత్రం నువ్వే తీసుకెళ్లు. నేను పక్కన కూచుంటాను."

అన్నయ్య తల ఊపాడు. తాళం అడగలేదు. అటు వైపు తిరిగి వెళ్లి పక్క సీట్లో కూచున్నాడు, నేను అమ్మతో పాటు వెనక ఎక్కాను, ఎక్కడికని ఎవరూ అడగలేదు. నాన్న నడిపే సీట్లో కూచుని తాళం తిప్పాడు. కుడి చెయ్యి అలవాటుగా లేచి ఆ బటను దాకా వెళ్లింది, దాని మీద వేలు ఆనబోతూ ఆగింది. చెయ్యి వెనక్కి వచ్చి చొక్కా జేబులోంచి కళ్లజోడు తీసింది. నాన్న అది పెట్టుకుని, ముందుకి వంగి, ఆ ముల్లుని పరాయి మనిషిని చూసినట్టు చాలాసేపు చూశాడు.

"పావు కన్నా తక్కువే ఉంది," అన్నాడు. "ముందు బంకుకి పోదాం."